కోలారు చెరువుల్లో బెంగళూరు నీళ్లు: 2018 జులై నాటి నురగ

కేసీ వ్యాలీ ప్రాజెక్టు కింద బెంగళూరు నుంచి వచ్చే మురుగు నీళ్లను మూడో దశ వరకు శుద్ధి చేసి పంపాలన్న డిమాండ్ కోలారులో మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. ఏడాది పొడవునా పారే నది లేకపోవడం, వెయ్యి అడుగులు దాటినా తడి తగలని బోర్లు, ఫ్లోరైడ్... ఇవన్నీ తెలిసినవే. ఇవాళ్టి అపనమ్మకం ఎక్కడ పుట్టిందో తెలియాలంటే 2018 జులైకి వెళ్లాలి.

దానికి నెల ముందే బెంగళూరు కోరమంగళ-చల్లఘట్ట లోయ (అదే కేసీ వ్యాలీ)లోని మురుగు శుద్ధి కేంద్రాల నీళ్లు పైపుల్లో వచ్చి కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువులో పడ్డాయి. రోజుకు 44 కోట్ల లీటర్లతో నూటికి పైగా చెరువులు నింపాలన్నది ప్రాజెక్టు లెక్క. ఏళ్ల తరబడి ఎండిన చెరువులోకి నీళ్లు వస్తే ఏ ఊరికి సంతోషం ఉండదు? జులైలో ఆ నీళ్ల మీద తెల్లటి నురగ తేలింది. బెళ్లందూరు చెరువు నురగ కక్కడం, నీళ్ల మీదే మంటలు లేవడం టీవీల్లో చూసినవాళ్లే వీళ్లంతా. ఆ చెరువూ ఇదే లోయలోది. టెన్షన్ పడకుండా ఎలా ఉంటారు?

అదే నెలలో ఈ నీళ్లు వదలడంపై హైకోర్టు స్టే ఇచ్చింది, సెప్టెంబరులో ఎత్తేసింది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు మళ్లీ ఆపింది, కొన్ని నెలలకు ఆ స్టే కూడా పోయింది.

కోర్టుకెక్కిన శాశ్వత నీరావరి పోరాట సమితిని నీళ్లకు అడ్డుపడేవాళ్లుగా చూడటం అన్యాయం. కోలారుకు నీళ్లు కావాలని ఏళ్లుగా రోడ్డెక్కింది వాళ్లే. వాళ్లు అడిగేది ఒక్కటే, మూడో దశ శుద్ధి. వచ్చేవి రెండో దశ వరకే శుద్ధి చేసిన నీళ్లు. రెండో దశ శుద్ధిలో మలినాలను సూక్ష్మజీవులు తినేస్తాయి గానీ నైట్రోజన్, ఫాస్ఫరస్ చాలావరకు నీళ్లలోనే మిగులుతాయి. ఇక్కడివి గొలుసుకట్టు చెరువులు. ఒక చెరువు మరవ పారితే కింది చెరువుకు నీళ్లు చేరతాయి, పై చెరువులో కలిసినది కింది ఊరిదాకా వస్తుంది. భూమిలోకి ఇంకిన నీటినే ఊళ్లు బోర్లతో తోడి తాగుతాయి. ఇంకోటి, ఇవి వాన నీళ్ల కోసం కట్టిన చెరువులు. ముందే నిండి ఉంటే వచ్చిన వాన నీళ్లు నిలిచే చోటేదీ?

ఇంకేటప్పుడు మట్టే వడపోస్తుందని, చెరువు నీళ్లు నేరుగా వాడొద్దని ముందే చెప్పామని ప్రభుత్వం అంటోంది. భూగర్భ జలాలు పెరిగిన మాట నిజమే, భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులూ అదే చెప్పారు. ఎండిపోయిన బోర్లలో నీళ్లు పడి మళ్లీ టమాటా వేసుకున్న రైతులూ ఉన్నారు.

పోరాట సమితి అడుగుతున్నది ఎన్ని నీళ్లు వచ్చాయని కాదు, ఎలాంటి నీళ్లు వచ్చాయని. ఈ చెరువుల్లో కొన్నింటి మరవ నీళ్లు పాలారులో కలుస్తాయి. ఆ ఏరు కుప్పం మీదుగా తమిళనాడుకు పోతుంది.