ఘాటు తగ్గిన పొగ: సిగరెట్ వ్యసనం వెనుక ఉన్న చరిత్ర

పొగాకు మన దేశానికి పోర్చుగీసు ఓడల్లో వచ్చి నాలుగు వందల ఏళ్లు దాటింది. చుట్ట, బీడీ, హుక్కా, ముక్కుపొడుం, తాంబూలంలో కాడ, ఇలా ఎన్నో రూపాల్లో అది ఇంటింటికీ చేరింది. ఐరోపా, అమెరికాలలో దాని వాడకం అంతకంటే పాతది. అయినా ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యేదాకా ఊపిరితిత్తుల క్యాన్సర్ వైద్యులకు దాదాపు అపరిచితమైన జబ్బుగానే ఉండిపోయింది. 1912లో ఐజాక్ అడ్లర్ అనే అమెరికన్ వైద్యుడు దాని మీద గ్రంథం రాస్తూ, ఇంత అరుదైన వ్యాధికి ప్రత్యేకంగా ఒక పుస్తకం అవసరమా అన్న ప్రశ్నతోనే మొదలుపెట్టాడు. 1919లో సెయింట్ లూయిస్‌లో చదువుకుంటున్న ఆల్టన్ ఆక్స్‌నర్ అనే వైద్య విద్యార్థిని, అతని తోటివారిని ఒక శవపరీక్ష చూడటానికి పిలిపించి, ఇలాంటి కేసు మీ జీవితంలో మళ్లీ చూడకపోవచ్చని ప్రొఫెసర్ చెప్పాడు. ఆ తరువాత పదిహేడేళ్ల పాటు ఆక్స్‌నర్‌కు నిజంగానే అలాంటి రోగి ఎదురుపడలేదు. 1936లో మాత్రం ఆరు నెలల వ్యవధిలో తొమ్మిది మంది వచ్చారు. వారంతా మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సిగరెట్ అలవాటు చేసుకున్న మగవాళ్లే.

శతాబ్దాలుగా పొగాకు ఉండగా లేని ఈ మహమ్మారి కొత్తగా ఎలా పుట్టిందన్నది తెలుసుకోవాలంటే, పొగ శరీరంలో ఎక్కడిదాకా వెళుతుందో చూడాలి. చుట్ట, పైపు తాగేవారిలో ఎక్కువ మంది పొగను నోట్లో ఉంచుకుని వదిలేసేవారు, ఎందుకంటే ఆ ఘాటును గొంతు దాటించడం మామూలు మనిషికి చేతకాదు. సిగరెట్ పొగ ఘాటు తగ్గిన పొగ. అది దగ్గు రాకుండా ఊపిరితిత్తుల చివరిదాకా దిగుతుంది. క్యాన్సర్‌కూ, వదలని వ్యసనానికీ దారి వేసింది ఈ తేలికదనమే. సిగరెట్ చరిత్రలో కంపెనీలు ప్రతి దశలోనూ గొప్పగా చాటుకున్న సుగుణం కూడా ఇదే.

ఈ తేలికదనం ఎక్కడ తయారవుతుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. ఒంగోలు, కందుకూరు, పొదిలి పరిసరాల్లోనూ, అటు జంగారెడ్డిగూడెం వైపునా పొలాల మధ్య ఎత్తుగా నిలబడి కనిపించే బ్యారన్లలోనే ఆ పని జరుగుతుంది. పచ్చి ఆకును కర్రలకు గుచ్చి, బ్యారన్ లోపల అంచెలంచెలుగా వేలాడదీస్తారు. పొయ్యి బయట మండుతుంది, వేడి మాత్రం రేకు గొట్టాల గుండా లోపలికి వస్తుంది కాబట్టి కట్టెల పొగ ఆకును తాకదు. మొదట తక్కువ వేడిలో, తేమ ఆరిపోకుండా చూస్తూ, ఆకు నిమ్మపండు రంగుకు తిరిగేదాకా ఆగుతారు. ఆ గంటల్లో ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారుతుంది. సరిగ్గా ఆ దశలో వేడి పెంచి, ఆ మార్పు అక్కడే ఆగిపోయేలా చేసి, ఆపై ఆకునూ, చివరికి మధ్య ఈనెనూ ఎండబెడతారు. అయిదారు రోజులు రాత్రింబవళ్లు నిద్ర మానుకుని వేడిని కనిపెట్టుకుని ఉండాల్సిన పని అది. రంగు చెడితే వేలంలో ధర పడిపోతుంది కనుక రైతు దృష్టి అంతా రంగు మీదే ఉంటుంది. ఆ బంగారు రంగుతో పాటే ఆకులో చక్కెర కూడా నిలిచిపోతుంది.

ఇలా పదును చేసిన ఆకు కాలినప్పుడు వచ్చే పొగ కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది. చుట్ట పొగ క్షార గుణం గలది కనుక అందులోని నికోటిన్ నోటి పొర గుండానే రక్తంలోకి పోతుంది. సిగరెట్ పొగలోని నికోటిన్ నోటిలో సరిగా ఇంకదు, దాన్ని అందుకోవాలంటే పొగను లోపలికి పీల్చక తప్పదు. ఊపిరితిత్తుల్లో కోట్ల కొద్దీ ఉండే గాలి తిత్తుల నుంచి అది రక్తంలో కలిసి, దాదాపు పది ఇరవై సెకన్లలో మెదడుకు చేరి, అక్కడ రసాయన సంకేతాలను అందుకునే గ్రాహకాలను తట్టి, హాయిని కలిగించే రసాయనమైన డోపమైన్‌ను విడుదల చేయిస్తుంది. ఒక సిగరెట్‌కు పది దమ్ముల చొప్పున రోజుకు ఇరవై కాల్చే మనిషి మెదడుకు రోజూ రెండు వందల సార్లు ఈ తర్ఫీదు అందుతుంది. రక్తంలో నికోటిన్ దాదాపు రెండు గంటలకే సగానికి పడిపోతుంది. ఈలోగా మెదడులో గ్రాహకాల సంఖ్యే పెరిగిపోయి ఉంటుంది కాబట్టి, చిరాకు, ఆందోళన, ఏకాగ్రత కుదరకపోవడం మొదలవుతాయి. తరువాతి సిగరెట్ ఇచ్చే ఊరటలో ఎక్కువ భాగం ముందటి సిగరెట్ పెట్టిన బాధ తీరడమే. నిద్ర లేచిన ఎంతసేపటికి మొదటిది వెలిగిస్తారన్న ప్రశ్నతో వైద్యులు వ్యసనం తీవ్రతను అంచనా వేసేది అందుకే.

బ్యారన్ పద్ధతి అమెరికాలోని నార్త్ కరోలినాలో 1839 ప్రాంతంలో, స్లేడ్ అనే కుటుంబపు పొలంలో స్టీఫెన్ అనే బానిస చేతి మీదుగా వెలుగులోకి వచ్చిందని చెబుతారు. అయితే అప్పటికి సిగరెట్‌ను చేత్తో చుట్టాలి, మంచి పనివాడు కూడా నిమిషానికి నాలుగుకు మించి చుట్టలేడు. 1880ల మొదట్లో జేమ్స్ బాన్సాక్ కనిపెట్టిన యంత్రం రోజుకు లక్షకు పైగా సిగరెట్లు చేసింది. దాన్ని నమ్ముకుని ధరలు తగ్గించి, ప్రకటనలు గుప్పించి మార్కెట్‌ను చేజిక్కించుకున్న జేమ్స్ డ్యూక్, 1902లో ఏర్పడిన బ్రిటిష్ అమెరికన్ టొబాకో కంపెనీకి అధిపతి అయ్యాడు. ఆ సంస్థ అనుబంధంగా 1910లో కలకత్తాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ, 1912లో ఆకు సేకరణకు ఇండియన్ లీఫ్ టొబాకో డెవలప్‌మెంట్ కంపెనీ వచ్చాయి. 1920లలో గుంటూరు నల్లరేగళ్లలో, బ్యారన్లలో పదును చేసే వర్జీనియా రకం పొగాకు స్థిరపడింది. నిజాం కాలపు హైదరాబాదులో వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్లు తయారుచేసింది. తెలుగు రైతు తన పొలంలో ప్రపంచ సిగరెట్‌కు ముడిసరుకు పండించడం మొదలుపెట్టేనాటికి, దాని పర్యవసానాలు సముద్రాల అవతల ఆసుపత్రుల్లో అప్పుడప్పుడే తేలుతున్నాయి.

ఆధారాలు 1950లో ఒక్కసారిగా బయటపడ్డాయి. అమెరికాలో ఎర్నెస్ట్ విండర్, ఎవార్ట్స్ గ్రాహమ్, బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ వేర్వేరుగా ఒకే నిర్ణయానికి వచ్చారు. డాల్, హిల్ లండన్ ఆసుపత్రుల్లో ప్రశ్నించిన ఊపిరితిత్తుల క్యాన్సర్ పురుష రోగులు 649 మందిలో పొగ తాగనివారు ఇద్దరే. ఆ అధ్యయనం నడుస్తుండగానే డాల్ సిగరెట్ మానేశాడు. గ్రాహమ్ కథ మరింత బాధ కలిగిస్తుంది. 1933లో ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగికి ఒక వైపు ఊపిరితిత్తిని పూర్తిగా తొలగించి బతికించిన తొలి శస్త్రవైద్యుడు ఆయన. స్వయంగా సిగరెట్లు తాగే ఆయన తన సొంత పరిశోధన చూసి మానుకున్నా అప్పటికే ఆలస్యమైంది. 1957లో అదే క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయన ఆపరేషన్ చేసిన రోగి ఆయన కంటే ఎక్కువ కాలం బతికాడు. డాల్ బృందం 1951 నుంచి యాభై ఏళ్ల పాటు బ్రిటిష్ వైద్యులను గమనించి 2004లో వెల్లడించిన ఫలితం ప్రకారం, జీవితాంతం సిగరెట్ తాగినవారు సగటున పదేళ్ల ఆయుష్షు పోగొట్టుకున్నారు. ముప్ఫై ఏళ్లకు మానినవారు ఆ పదేళ్లనూ, యాభైకి మానినవారు ఆరేళ్లను, అరవైకి మానినవారు సైతం మూడేళ్లను తిరిగి సంపాదించుకున్నారు.

కంపెనీలు ఈ ఆధారాలకు జవాబు చెప్పలేదు, సందేహాన్ని పెంచి పోషించాయి. 1953 డిసెంబరులో న్యూయార్క్ ప్లాజా హోటల్‌లో పొగాకు సంస్థల అధిపతులు సమావేశమై ఒక ప్రచార సంస్థను నియమించుకున్నారు. 1954 జనవరి 4న నాలుగు వందలకు పైగా అమెరికన్ పత్రికల్లో, ప్రజల ఆరోగ్యమే తమకు అన్నిటికంటే ముఖ్యమన్న ప్రకటన వేయించారు. బ్రిటన్‌లో మన సి.ఆర్. రావు గారికి కేంబ్రిడ్జ్‌లో గురువైన మహా గణాంకవేత్త రొనాల్డ్ ఫిషర్, పొగాకు సంస్థల సంఘానికి సలహాదారుగా ఉంటూ, సిగరెట్‌కూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధం జన్యు లక్షణాల వల్ల కావచ్చునని వాదించాడు. అంతటి మేధావి ఆ పక్షాన నిలబడటం శాస్త్ర చరిత్రలో ఒక విషాదమని నేను భావిస్తాను.

భయపడ్డ వినియోగదారుడిని నిలుపుకోవడానికి ఫిల్టర్లు వచ్చాయి. 1952లో అత్యంత సురక్షితమని ప్రకటించి అమ్మిన కెంట్ సిగరెట్ ఫిల్టర్‌లో 1956 వరకు ఆస్‌బెస్టాస్ వాడారన్న సంగతి చాలామందికి తెలియదు. తరువాత 'లైట్' సిగరెట్ల కాలం వచ్చింది. సిగరెట్ తీసుకుని ఫిల్టర్ మీది కాగితాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, చాలా రకాల్లో సన్నటి రంధ్రాల వరుస కనిపిస్తుంది. పొగలోని పదార్థాలను కొలిచే పరీక్షా యంత్రం పొగ లాగేటప్పుడు ఆ రంధ్రాల గుండా గాలి చేరి పొగ పలచబడుతుంది, తారు, నికోటిన్ అంకెలు తక్కువగా నమోదవుతాయి. మనిషి తాగేటప్పుడు వేళ్లూ పెదవులూ ఆ రంధ్రాలను మూసేస్తాయి. పైగా మెదడు తనకు కావలసిన మోతాదు కోసం మరింత బలంగా, మరింత లోతుగా పీల్పిస్తుంది. సిగరెట్ రూపకల్పనలో వచ్చిన మార్పుల వల్ల ఊపిరితిత్తుల్లో అడినోకార్సినోమా అనే క్యాన్సర్ ముప్పు పెరిగిందని 2014లో అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య అధికారి అయిన సర్జన్ జనరల్ నివేదిక తేల్చింది. ఘాటు ఇంకా తగ్గించిన కొద్దీ పొగ ఇంకా లోతుకు దిగిందన్నమాట.

వ్యసనం విషయంలో దాపరికం ఇంకా ఎక్కువ కాలం సాగింది. నికోటిన్ వ్యసనం కలిగించే పదార్థమనీ, తాము చేస్తున్నది దాన్ని అమ్మే వ్యాపారమేననీ బ్రౌన్ అండ్ విలియమ్సన్ కంపెనీ ముఖ్య న్యాయాధికారి ఆడిసన్ యీమన్ 1963లోనే లోపలి పత్రంలో రాసుకున్నాడు. మరుసటి ఏడాది జనవరిలో సర్జన్ జనరల్ లూథర్ టెరీ వెలువరించిన చరిత్రాత్మక నివేదిక సిగరెట్ క్యాన్సర్ కారకమని ప్రకటించింది కానీ, పొగ తాగడాన్ని అలవాటు స్థాయిలోనే ఉంచింది. ఫిలిప్ మోరిస్ సిగరెట్ కంపెనీ ప్రయోగశాలలో ఎలుకలు మీట నొక్కి మరీ నికోటిన్ తీసుకుంటున్నాయని విక్టర్ డినోబుల్, పాల్ మీలే అనే శాస్త్రవేత్తలు గుర్తించగా, ఆ పరిశోధన పత్రాన్ని వెనక్కి తీయించి, 1984లో ప్రయోగశాలనే మూసివేశారు. నికోటిన్ వ్యసనం హెరాయిన్, కొకైన్ వ్యసనాల కోవలోనిదేనని ప్రభుత్వపరంగా చెప్పడానికి 1988లో సర్జన్ జనరల్ ఎవరెట్ కూప్ రావాల్సి వచ్చింది. ఆ తరువాత కూడా, 1994 ఏప్రిల్ 14న, అమెరికన్ కాంగ్రెస్ ఉపసంఘం ముందు ఏడు కంపెనీల అధిపతులు ప్రమాణం చేసి నికోటిన్ వ్యసనకారి అని తాము నమ్మడం లేదన్నారు. 2006లో న్యాయమూర్తి గ్లాడిస్ కెస్లర్ ఈ కంపెనీలు దశాబ్దాల పాటు ప్రజలను మోసం చేశాయని తీర్పు ఇచ్చారు. 1963 నుంచి 1988 దాకా గడచిన ఆ పాతికేళ్లలో, తెలిసి ఉంటే మొదలుపెట్టకపోయేవారు ఎందరో మొదలుపెట్టారు.

ఈ మాటలన్నీ చుట్టకో బీడీకో యోగ్యతాపత్రం కావు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో స్త్రీలు నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ అంగిలి క్యాన్సర్‌కు దారి తీస్తుందని, పది వేల మందికి పైగా గ్రామీణులను పరీక్షించి 1971లో ప్రచురించిన అధ్యయనంతో పాటు అంతకుముందరి పరిశీలనలూ చూపాయి. బీడీ పొగను సిగరెట్ పొగలాగే లోపలికి పీలుస్తారు, అదీ ఫిల్టర్ లేకుండా. 2008లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం ప్రకారం మన దేశంలో సిగరెట్ తాగే మగవారు సగటున పదేళ్లు, బీడీ తాగేవారు ఆరేళ్లు ముందుగా చనిపోతున్నారు. ఇక్కడ పొగ చంపే తీరులో మరో కోణం ఉంది. క్యాన్సర్‌తో పాటు గుండె జబ్బులు, క్షయ కూడా పెద్ద సంఖ్యలో ప్రాణాలు తీస్తున్నాయి. ఊపిరితిత్తుల రక్షణ వ్యవస్థ దెబ్బతిన్న మనిషిలో నిద్రాణంగా ఉన్న క్షయ పైకి లేస్తుంది.

మన దేశంలో పెట్టె మీద హెచ్చరిక 1975 చట్టంతో వచ్చింది. 2001లో మురళీ దేవరా పిటిషన్‌పై సుప్రీంకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడాన్ని నిషేధించింది. 2003లో పొగాకు నియంత్రణకు సమగ్ర చట్టం, 2009లో బొమ్మలతో హెచ్చరికలు, 2016లో అవి పెట్టెకు రెండు వైపులా 85 శాతం మేర పరచుకోవడం వరుసగా జరిగాయి. ఇదే కాలమంతటా వాణిజ్య శాఖ కింద గుంటూరులోని పొగాకు బోర్డు 1976 నుంచి సాగునూ ఎగుమతులనూ చూసుకుంటోంది, ఆరోగ్య శాఖ పొగాకు నియంత్రణ కార్యక్రమం నడుపుతోంది. రైతుకు ప్రత్యామ్నాయం చూపకుండా ఈ రెండు పనులూ పక్కపక్కనే ఎంతకాలం సాగుతాయన్నది ప్రభుత్వాలు దాటవేస్తూ వచ్చిన ప్రశ్న.

2016-17 జాతీయ సర్వేలో పొగ తాగేవారిలో సగానికి పైగా మానాలనుకుంటున్నట్టు చెప్పారు. అయినా ఏ సహాయమూ లేకుండా సొంతంగా ప్రయత్నించేవారిలో ఏడాది తరువాత కూడా నిలబడేది నూటికి అయిదుగురికి మించరని అధ్యయనాలు చెబుతున్నాయి. నికోటిన్ చూయింగ్ గమ్, ప్యాచ్, వారెనిక్లిన్ వంటి మందులు, వాటికి తోడు కౌన్సెలింగ్ ఆ అవకాశాన్ని పెంచుతాయి. 2018 సెప్టెంబరు నుంచి ఉచిత సహాయ నంబరు 1800-11-2356ను పెట్టె మీదే ముద్రిస్తున్నారు. కెనడా 1994లోనే సిగరెట్లు వ్యసనం కలిగిస్తాయన్న మాటను పెట్టె మీద అచ్చు వేయించింది. మన పెట్టెల మీద ప్రధానంగా కనిపిస్తూ వచ్చినవి క్యాన్సర్, మరణం గురించిన మాటలు. పదహారేళ్ల కుర్రాడికి మరణం చాలా దూరంగా అనిపిస్తుంది, వ్యసనం మాత్రం కొన్ని వారాల్లోనే మొదలుకావచ్చు. అతను కిళ్లీకొట్టులో పెట్టె కొనడు, విడిగా ఒక్క సిగరెట్ కొంటాడు. అందువల్ల ఆ బొమ్మ గానీ, ఆ నంబరు గానీ అతని కంట పడవు.