రసీదు చేతికొచ్చింది, సరుకు చేరలేదు: డేటాబేస్ డిస్కుల గొడవ వెనక 2018

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు రైస్ మిల్లుల్లో, రొయ్యల ప్లాంట్లలో, ఆసుపత్రుల్లో సర్వర్లు చూసుకునేవాళ్ల మధ్య పాత గొడవ మళ్లీ లేచింది. డేటాబేస్ ఉండే డిస్క్ మీద ఏ ఫైల్ సిస్టమ్ (ఫైళ్లని డిస్క్ మీద పేర్చి, చూసుకునే ఏర్పాటు) వేయాలన్నదే గొడవ. ఇప్పుడున్న ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్ తీసేసి జెడ్‌ఎఫ్‌ఎస్‌కి మారిపోవాలని ఒక పక్షం అంటోంది. తప్పు ఫైల్ సిస్టమ్‌ది కాదు, దాన్ని మార్చినంత మాత్రాన డేటా నిలవదని రెండో పక్షం అంటోంది. ఈసారి గొడవ రేగింది భీమవరం దగ్గర ఒక రొయ్యల కొనుగోలు కేంద్రంలో జరిగిన నష్టం వల్ల. ఆ సర్వర్‌ని నేను స్వయంగా విప్పి చూశాను.

అక్కడ పట్టుబడి రాగానే కాటా దగ్గర గుమస్తా కార్బన్ పెట్టి చీటీ రాస్తాడు. రైతు పేరు, చెరువు, కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలు), కిలోలు అందులో ఉంటాయి. పక్కనే కూర్చున్న కుర్రాడు అవే వివరాలు కంప్యూటర్‌లో ఎక్కిస్తాడు. డబ్బుల కోసం వచ్చిన ఒక రైతు మూడు చీటీలు టేబుల్ మీద పెట్టాడు. ఆయన పేరు కొడితే కంప్యూటర్‌లో రెండే వచ్చాయి. మూడోది 40 కౌంట్ సరుకు. నీలం కార్బన్ అక్షరాల కింద గుమస్తా సంతకం స్పష్టంగా ఉంది. చిత్రమేమిటంటే ఆ రోజు కొనుగోళ్ల పట్టీ మొత్తం తీస్తే ఆ మూడోది కనిపిస్తోంది, పేరుతో వెతికితే మాయమవుతోంది. అంటే వివరం రాసిన పేజీ డిస్క్‌కి చేరింది, దాన్ని వెతికిపెట్టే ఇండెక్స్ పేజీ చేరలేదు. ఇంకా తవ్వితే రెండు విధాలా కనిపించని చీటీలు కూడా బయటపడ్డాయి.

కెర్నల్ (డిస్క్‌నీ మెమరీనీ నడిపే లైనక్స్ గుండెకాయ) లాగ్‌లో పదకొండు రోజుల కింద ఒకే నిమిషంలో వరుసగా పడిన సందేశం దొరికింది: ‘లాస్ట్ అసింక్ పేజ్ రైట్’, అంటే డిస్క్‌కి పంపిన పేజీ రాత పోయిందని. డిస్క్ కేబుల్ ఊడదీసి చూస్తే కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి తుప్పు కనిపించింది. ఐస్ తడి, ఉప్పు గాలి కలిసిన గదిలో అది వింతేమీ కాదు. ఆ నిమిషం డిస్క్ రాత తీసుకోలేదు, తర్వాత మామూలుగానే పనిచేసింది. డేటాబేస్ కూడా ఏమీ జరగనట్టే నడిచింది. సర్వర్‌ని తర్వాత రీస్టార్ట్ చేశాక గాని లెక్కల్లో తేడా బయటపడలేదు.

‘ఈఎక్స్‌టీ4 ముంచింది’ అని ఊరంతా అనుకుంటున్నది దీని గురించే. ఇది అర్థం కావాలంటే ఏ ఫైల్ సిస్టమ్ ఎప్పుడు పుట్టిందో, ఎవరు రాశారో తెలియాల్సిన పని లేదు, 2018 మార్చిలో ఏం తేలిందో తెలిస్తే చాలు.

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ (రొయ్యల కేంద్రంలో ఉన్నదీ అదే) డెవలపర్ క్రెయిగ్ రింగర్ ఆ నెలలో తోటి డెవలపర్ల ముందు ఒక సంగతి పెట్టారు. డిస్క్ దగ్గర లోపం వచ్చినప్పుడు పోస్ట్‌గ్రెస్ చేస్తున్న పని ప్రమాదకరమని, ఒక వాడుకరి డేటా అలాగే చెడిందని చెప్పారు. విషయం ఇదీ. డేటాబేస్ తను రాసేది నేరుగా డిస్క్‌కి పంపదు, కెర్నల్ చేతిలో పెడుతుంది. కెర్నల్ వాటిని మెమరీలో ఉంచుకుని తీరిగ్గా డిస్క్‌కి చేరుస్తుంది. మధ్యమధ్యలో డేటాబేస్ ‘ఎఫ్‌సింక్’ అనే పిలుపుతో ‘అంతా డిస్క్‌కి చేరిందా’ అని అడుగుతుంది. చేరిందంటే అప్పటిదాకా భద్రంగా దాచిన తన లాగ్‌ని (చేసిన ప్రతి మార్పూ ముందుగా రాసిపెట్టుకునే పుస్తకాన్ని) ఇక అక్కర్లేదని వదిలేస్తుంది. దీన్నే చెక్‌పాయింట్ అంటారు.

మిల్లుకి ధాన్యం తోలిన రైతు గుమస్తాని అడిగినట్టే అనుకోండి. ‘నా బస్తాలు గోదాములోకి చేరాయా?’ అంటే మొదటిసారి గుమస్తా ‘చేరలేదు, ఇబ్బంది వచ్చింది’ అన్నాడు. సరే, కాసేపాగి మళ్లీ అడుగుదామని రైతు వెళ్లొచ్చాడు. రెండోసారి ‘నా దగ్గర పెండింగ్ ఏమీ లేదు’ అన్నాడు. రైతుకి చేరిపోయాయన్నట్టే వినిపించింది. నిజానికి చేరని బస్తాల పేర్లని గుమస్తా తన పుస్తకంలోంచే కొట్టేశాడు. రైతు ఇంటికెళ్లి తన దగ్గరున్న చీటీలు చించేశాడు.

పోస్ట్‌గ్రెస్ ఏళ్ల తరబడి చేసింది సరిగ్గా ఇదే. ఎఫ్‌సింక్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించేది. లైనక్స్‌లో రెండోసారి విజయం అని జవాబు వచ్చేది. ఎందుకంటే రాత విఫలమైన పేజీలని కెర్నల్ ‘రాసేశాం’ అన్న గుర్తుతోనే ఉంచేసేది, లేదా మెమరీలోంచి తీసేసేది. ఈఎక్స్‌టీ4ది ఒక పద్ధతి, ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ది ఇంకొక పద్ధతి. ఏదైనా మొదట పంపిన రాత మాత్రం డిస్క్‌కి చేరదు. కెర్నల్ 4.13కి ముందైతే ఆ లోపం సంగతి అడిగినవాళ్లలో ఒకరికి చెప్పి ఊరుకునేది, అసలు ఎవరికీ తెలియకుండా పోయిన సందర్భాలూ ఉండేవి.

కెర్నల్ వాళ్ల వాదన కూడా చెప్పాలి. పెన్‌డ్రైవ్ పీకేసినప్పుడు రాయలేని పేజీలన్నిటినీ పట్టుకుని కూర్చుంటే మెమరీ నిండిపోయి మెషీనే ఆగిపోతుందని వాళ్లు అన్నారు. అందులో నిజం ఉంది.

పోస్ట్‌గ్రెస్ వైపు మాత్రం దారి మారింది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన 11.2, 10.7, 9.6.12 వెర్షన్ల నుంచి ఎఫ్‌సింక్ ఒక్కసారి విఫలమైతే చాలు, డేటాబేస్ తనంతట తాను పడిపోతుంది. మళ్లీ లేచి లాగ్‌లోంచి మొత్తం తిరిగి రాసుకుంటుంది. పని ఆగుతుంది, టెన్షన్ పెరుగుతుంది, కాని అబద్ధపు రసీదు నమ్మి లాగ్ పారేయడం జరగదు. మైఎస్‌క్యూఎల్, మాంగోడీబీ అనే వేరే డేటాబేస్‌లు కూడా ఇదే దారి పట్టాయి. 2020లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్‌ఎస్, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మూడు ఫైల్ సిస్టమ్‌ల మీదా ఎఫ్‌సింక్ వైఫల్యాలు తెప్పించి, పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూలైట్, రెడిస్ లాంటి ఐదు ప్రోగ్రాముల్ని పరీక్షించారు. వాటిలో ఏ ఒక్కటీ పూర్తిగా గట్టెక్కలేదు.

భీమవరం దగ్గరి ఆ సర్వర్ 2017లో పెట్టినది. అందులో ఉన్నది పోస్ట్‌గ్రెస్ 9.6, అది కూడా పెట్టిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. ఒక్క అప్‌డేట్ కూడా పడలేదు. 2019 నాటి మార్పు అందులో ఉండి ఉంటే, లోపం సంగతి కెర్నల్ చెప్పగానే డేటాబేస్ ఆగేది, కుర్రాడు ఫోన్ చేసేవాడు, రైతుకి మూడు చీటీలూ కనిపించేవి. అదే సర్వర్ మీద ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఉన్నా ఆ పాత వెర్షన్ అబద్ధపు రసీదునే నమ్మేది.

అసలు ఈ ప్రాంతంలో ఫైల్ సిస్టమ్‌ని కూర్చుని ఎంచుకున్నవాళ్లు తక్కువ. 2014లో రెడ్‌హ్యాట్ 7 అనే లైనక్స్ ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని డిఫాల్ట్ చేసింది. దాంతో దాని ఉచిత రూపం సెంటోస్ 7 వేసుకున్నవాళ్లకి అడక్కుండానే ఎక్స్‌ఎఫ్‌ఎస్ వచ్చింది, ఉబుంటు వేసుకున్నవాళ్లకి ఈఎక్స్‌టీ4 వచ్చింది. ‘మాది ఇది, మీది అది’ అనే పౌరుషం ఆ తర్వాత పుట్టిందే.

దీనికి ముందే ఒక హెచ్చరిక వచ్చింది. 2009 మొదట్లో, ఈఎక్స్‌టీ4 కొత్తలో, కరెంటు పోయి వచ్చాక ఫైళ్లు ఖాళీగా, సున్నా బైట్లతో కనిపిస్తున్నాయని ఉబుంటు వాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. డిస్క్ మీద చోటు కేటాయించడాన్ని ఆలస్యం చేసే కొత్త పద్ధతి, ఎఫ్‌సింక్ అడగని ప్రోగ్రాముల్ని బయటపెట్టింది. అప్పుడు నేర్చుకున్న పాఠం ‘ఎఫ్‌సింక్ తప్పక అడగండి’ అన్నది. ఆ జవాబుని ఎంతవరకు నమ్మాలన్న ప్రశ్న తొమ్మిదేళ్లకి గాని గట్టిగా రాలేదు.

ఇంకొకటి మన దగ్గర ప్రత్యేకంగా చూడాల్సింది ‘నోబారియర్’. డిస్క్‌ని మౌంట్ చేసేటప్పుడు (వాడకానికి తగిలించేటప్పుడు) ఆ మాట పెడితే, డిస్క్ తన లోపలి క్యాష్‌ని (తాత్కాలిక మెమరీని) ఖాళీ చేసిందో లేదో ఫైల్ సిస్టమ్ పట్టించుకోదు. వేగం పెరుగుతుంది. కరెంటు పోయినా రాతని కాపాడే బ్యాటరీ ఉన్న డిస్క్ కంట్రోలర్ అయితే పర్వాలేదు. మామూలు డిస్క్ మీద, రోజుకి నాలుగుసార్లు కరెంటు పోయి వచ్చే చోట, అది వాడటం డేటాతో ఆడుకోవడమే. ఎక్స్‌ఎఫ్‌ఎస్ 2018లోనే, కెర్నల్ 4.19లో, ఆ ఆప్షన్‌ని తీసేసింది. ఈఎక్స్‌టీ4లో ఇంకా ఉంది. మిల్లుల్లో సర్వర్ వేగం పెంచమని పిలిచినప్పుడల్లా నేను మొదట చూసేది దాన్నే. రెండు చోట్ల నా చేత్తోనే తీసేశాను.

జెడ్‌ఎఫ్‌ఎస్ పక్షం వాదన ఇదీ: డిస్క్ మీది ప్రతి బ్లాక్‌కీ చెక్‌సమ్ (డేటా చెడిందో లేదో తేల్చే సరిచూపు అంకె) ఉంటుంది. పాతదాని మీద రాయదు, కొత్తచోట రాసి గుర్తు మారుస్తుంది. అందుకే పోస్ట్‌గ్రెస్ 8 కేబీ పేజీ సగం రాసి ఆగిపోయే బాధ ఉండదు. డిస్కే అందకుండా పోతే పూల్ (జెడ్‌ఎఫ్‌ఎస్ కింద ఉన్న డిస్కుల గుంపు) ఆగి ఎదురుచూస్తుంది తప్ప చేరిందని అబద్ధం చెప్పదు. ఇవన్నీ నిజాలే. కాని డిస్క్ ఒక్కటే ఉంటే చెక్‌సమ్ చెడిపోయిందని చెబుతుంది, బాగుచేయలేదు, బాగుచేయడానికి రెండో కాపీ కావాలి. రికార్డ్ సైజు, అంటే ఒక్కసారిగా రాసే ముక్క, డిఫాల్ట్‌గా 128 కేబీ. దాన్ని డేటాబేస్‌కి తగ్గట్టు తగ్గించకపోతే చిన్న రాతకి పెద్ద రాత పడుతుంది. లైసెన్స్ కారణంగా అది కెర్నల్‌లో భాగం కాదు కాబట్టి, దాన్ని విడిగా మాడ్యూల్‌గా (కెర్నల్‌కి తగిలించే ముక్కగా) కట్టుకునే చోట కెర్నల్ అప్‌డేట్ అయ్యాక కుదరకపోతే పొద్దున్నే సర్వర్ లేవదు. నెలకోసారి మనిషి వచ్చి చూసే ప్లాంట్‌లో అది చిన్న విషయం కాదు.

లోపాల్లేనిది ఏదీ లేదని 2023 చివర్లో నెల తిరక్కుండానే తేలింది. నవంబరులో జెడ్‌ఎఫ్‌ఎస్ 2.2లో కాపీ చేసిన ఫైళ్లలో చప్పుడు లేకుండా సున్నాలు చేరే తప్పు బయటపడింది. డిసెంబరులో ఈఎక్స్‌టీ4లో డేటా చెడగొట్టే కెర్నల్ తప్పు వల్ల డెబియన్ అనే లైనక్స్ 12.3 విడుదల ఆగి, దాని బదులు 12.4 వచ్చింది. గొడవలో జెడ్‌ఎఫ్‌ఎస్ పక్షం డిసెంబరు తప్పుని, రెండో పక్షం నవంబరు తప్పుని పదేపదే ఎత్తి చూపుతున్నాయి.

రొయ్యల కేంద్రంలో కేబుల్ మార్చాం. ఇండెక్స్‌లు మళ్లీ కట్టాం. పూర్తిగా పోయిన చీటీల్ని కార్బన్ కాపీల కట్టలు ముందేసుకుని గుమస్తా, కుర్రాడు రెండు రాత్రులు కూర్చుని ఎక్కించారు. రైతుకి మూడో చీటీ డబ్బులు అందాయి. యజమాని జెడ్‌ఎఫ్‌ఎస్ కోసం కొత్త సర్వర్ కొటేషన్ తెప్పించారు. నేను రాసిచ్చిన కాగితంలో పోస్ట్‌గ్రెస్ కొత్త వెర్షన్, డేటా చెక్‌సమ్‌లు ఆన్ చేయడం, కరెంటు పోయినా చేతిలోని రాతని కాపాడుకునే కెపాసిటర్లున్న ఎస్‌ఎస్‌డీలు రెండు, కెర్నల్ లాగ్‌లో ఆ సందేశం పడగానే ఫోన్‌కి మెసేజ్ వచ్చే ఏర్పాటు ఉన్నాయి. రెండు కాగితాలూ ఆయన టేబుల్ మీదే ఉన్నాయి. 2021 నవంబరు నుంచి పోస్ట్‌గ్రెస్ డెవలపర్లు సరిచేయని ఆ 9.6 మీదే ఈ రోజు కొనుగోళ్లు కూడా ఎక్కుతున్నాయి.