ఆ సెమిస్టర్ మార్కులు దేన్ని కొలిచాయి?

కరోనా ఏడాది ప్లస్ త్రీ (ఒడిశాలో డిగ్రీని అలాగే అంటారు) చదివినవాళ్ల మార్కుల జాబితా చూసి 'ఆన్‌లైన్ అయితే ఏం, బాగానే గట్టెక్కారుగా' అనేస్తుంటారు. తెలుగువాళ్లున్న ఒడిశా ఊళ్లు బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు ఆ మాటను అంత తేలిగ్గా ఒప్పుకోలేం.

ఇంట్లో కూర్చుని డిగ్రీ చదవడం తెలుగువాళ్లకు కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లోనే కరెస్పాండెన్స్ కోర్సులు పెట్టింది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లో మొదలైంది. 1984 ఆగస్టు 15 నుంచి యూజీసీ (విశ్వవిద్యాలయాల గ్రాంట్ల సంఘం) పాఠాలు దూరదర్శన్‌లో వచ్చాయి. వాటన్నిటికీ పాఠం ముందే తయారయ్యేది, చేరేవాళ్లూ తెలిసే చేరేవారు. 2020 మార్చిలో ఆ వ్యవధే లేదు. నెల మధ్యలో కాలేజీలు మూశారు, 25 నుంచి లాక్‌డౌన్. వాట్సాప్ గ్రూపులో పీడీఎఫ్ పడితే చాలాచోట్ల అదే క్లాసు.

నెట్ సంగతి సరేసరి. 2017-18 జాతీయ నమూనా సర్వేలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న పల్లె కుటుంబాలు దేశం మొత్తం మీద 14.9 శాతం, కంప్యూటర్ ఉన్నవి 4.4 శాతం. ఒడిశాలో పట్టణాలను కలుపుకున్నా నెట్ ఉన్న ఇళ్లు పదింట ఒకటి.

కానీ సిగ్నల్ గురించి మాట్లాడినంతగా భాష గురించి ఎవరూ మాట్లాడలేదు. ఈ ఊళ్లు 1936లో మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి విడిపోయి ఒడిశాలో చేరాయి. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కాలేజీ పుస్తకంలో ఇంగ్లీషు. లెక్చరర్ చెప్పింది అర్థం కాకపోతే పక్క బెంచీవాణ్ణి 'ఏమన్నాడ్రా?' అని తెలుగులో అడిగి తెలుసుకోవచ్చు. ఏ టైంటేబుల్లోనూ లేని ఆ ట్యూషన్ ఫోన్ క్లాసులో పోయింది. అందరూ వినేలా మైకు ఆన్ చేసి అడగడానికి మొహమాటం. నా దృష్టిలో అసలు నష్టం ఇదే.

నెట్‌కు లోటు లేనిచోట కూడా చదువు తగ్గింది. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో 2020లో అర్థశాస్త్రం విద్యార్థులను లాటరీ పద్ధతిలో కొందరిని ఆన్‌లైన్‌కు, కొందరిని తరగతి గదికి పంపి చూశారు. ఆన్‌లైన్ వాళ్ల గ్రేడులు తగ్గాయి. ముందునుంచీ చదువులో వెనకబడినవాళ్లకు దెబ్బ ఇంకా ఎక్కువగా తగిలింది.

మరి ఇక్కడ మార్కుల్లో అది కనిపించదేం? పరీక్షలు పెట్టే వీల్లేకపోతే మధ్య సెమిస్టర్ల వాళ్లకు సగం ఇంటర్నల్స్ (కాలేజీలోనే వేసే మార్కులు) నుంచి, సగం కిందటి సెమిస్టర్ నుంచి మార్కులు వేయొచ్చని 2020 ఏప్రిల్ 29న యూజీసీ చెప్పింది. అలా వేసినచోట సగం మార్కులు తరగతి గదిలో చదివిన రోజులవే. చివరి ఏడాది పరీక్షలను ఒడిశా, మహారాష్ట్ర రెండూ వద్దనుకున్నాయి. యూజీసీ ఒప్పుకోలేదు. గడువు పెంచమని రాష్ట్రాలు యూజీసీని అడగొచ్చుగానీ పరీక్ష లేకుండా పట్టా ఇవ్వడం కుదరదని ఆగస్టు 28న సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో చివరి ఏడాది వాళ్లు పరీక్ష రాయక తప్పలేదు. వాళ్ల జూనియర్లు ఫోన్లో విన్న పాఠం మీద పరీక్షే లేకుండా పై సెమిస్టర్‌కు వెళ్లారు.