తుపాకీ ఎవరు మోస్తారు?

1930 ఏప్రిల్‌. కుమావ్ కొండల్లో ఒక వాగు వెంట దిగుతున్న పులుల వేటగాడు జిమ్ కార్బెట్ ఎడమ చేతిలో రెండు పక్షి గుడ్లున్నాయి. గుడ్లు సేకరించడం ఆయన సరదా. కుడి చేతిలో రైఫిల్. ఒక పెద్ద బండ దాటి భుజం మీదుగా వెనక్కి చూస్తే 8 అడుగుల దూరంలో పులి. చౌగఢ్ ప్రాంతంలో 64 మందిని పొట్టన పెట్టుకున్న ఆడపులి అదే. గబుక్కున తిరిగితే దూకేస్తుంది. రెండో చెయ్యి కూడా వాడాలంటే గుడ్లు వదిలెయ్యాలి, ఆ కదలిక చాలు. అందుకని ఒంటి చేత్తోనే రైఫిల్‌ని కొంచెం కొంచెంగా ఒంటి చుట్టూ తిప్పుకొచ్చి, చెయ్యి పూర్తిగా చాచి కాల్చాడు. పులి కూర్చున్న చోటే కూలిపోయింది. గుడ్లు చెక్కు చెదరలేదు, వాటిని తిరిగి గూట్లోనే పెట్టేశాడు.

తేలిక రైఫిల్ కావడం ఆ రోజు తనకి కలిసొచ్చిందని ఆయనే రాసుకున్నాడు. 1907లో చంపావత్ పులిని చంపినందుకు కానుకగా వచ్చిన .275 రిగ్బీ ఆయన దగ్గర ఉండేది. గొట్టం లోపలి వెడల్పు 7 మిల్లీమీటర్లు (.275 అంటే అంగుళాల్లో అదే), బరువు 3 కిలోల పైచిలుకు. తేలిక రైఫిల్ కావాలనేవాళ్లు ఇప్పటికీ ఈ కథే చెబుతారు. అయితే వాళ్లకి ఇప్పుడు కావాల్సింది 7 మిల్లీమీటర్ల రైఫిల్ కాదు. .338, .358, .375 లాంటి మీడియం బోర్, అంటే సుమారు 8.5 నుంచి 10 మిల్లీమీటర్ల గొట్టం ఉండాలి. అదీ 3 కిలోల లోపో, ఆ చుట్టుపక్కలో ఉండాలి. ఈ రెండు కోరికలకీ మొదటి నుంచీ పడదు.

అసలు బరువు గురించి ఎవరూ పట్టించుకోని రోజులున్నాయి. నల్ల తుపాకీ మందు కాలంలో పెద్ద జంతువుని పడగొట్టాలంటే పెద్ద సీసపు గుండు తప్ప వేరే దారి లేదు. ఇంగ్లిష్ వేటగాడు సామ్యూల్ బేకర్ దగ్గర ‘బేబీ’ అని ముద్దుపేరున్న తుపాకీ ఉండేది. గుండు అర పౌను, తుపాకీ 20 పౌన్లు, అంటే 9 కిలోలు. ఒక పౌను సీసంలో నాలుగో వంతు గుండుగా పేలే ‘ఫోర్ బోర్’ తుపాకీలు కూడా అంతే బరువు. కాకపోతే దొర వాటిని మోసేవాడు కాదు. వెనకాల తుపాకీ మోసే మనిషి ఒకడు, ఒక్కోసారి ఇద్దరు ముగ్గురు నడిచేవాళ్లు. జంతువు కనబడ్డాక చెయ్యి చాస్తే తుపాకీ చేతిలోకి వచ్చేది. పాత షికారు ఫొటోల్లో చివర నిలబడి, పేరు కూడా రాయని మనిషి అతనే. మోత ఖర్చు కొనేవాడి భుజం మీద పడనప్పుడు తయారుచేసేవాడు గ్రాముల లెక్క ఎందుకు చూస్తాడు?

బరువు తప్పించుకున్నా తన్ను, అంటే పేలగానే తుపాకీ వెనక్కి భుజాన్ని కొట్టే దెబ్బ, తప్పదు కదా. కుర్రతనంలో ఫోర్ బోర్‌తో ఏనుగుల్ని వేటాడిన ఫ్రెడరిక్ సెలూస్, ఆ తుపాకీల జోలికి ఎందుకు పోయానా అని తర్వాత బాధపడ్డాడు. అవి తన్నీ తన్నీ తన నరాల్ని పాడుచేశాయనీ, ఆ తర్వాత గురి మీద కూడా దాని ప్రభావం పడిందనీ ఆయన ఫిర్యాదు.

1880ల్లో ఫ్రాన్స్‌లో పొగరాని తుపాకీ మందు వచ్చాక లెక్క మారిపోయింది. సన్నటి గుండుకి రాగి, నికెల్ తొడుగు వేసి చాలా వేగంగా పంపొచ్చు. సైన్యం కోసం చేసిన 7 మిల్లీమీటర్ల మౌజర్‌తో డబ్ల్యూ.డి.ఎం. బెల్ ఆఫ్రికాలో వెయ్యికి పైగా ఏనుగుల్ని చంపాడు. ఎక్కువ భాగం ఆ చిన్న తూటాతోనే. దంతాల కోసం జరిగిన ఈ ఊచకోత లెక్క చదువుతుంటే ఇప్పుడు కడుపులో దేవినట్టు ఉంటుంది, అది వేరే సంగతి. ఏనుగు పుర్రెని రంపంతో కోయించి మెదడు సరిగ్గా ఎక్కడుంటుందో చూసుకున్న మనిషి అతను. ఏ కోణం నుంచి కాలిస్తే గుండు అక్కడికి చేరుతుందో కంఠతా వచ్చు. తేలిక రైఫిల్ వల్ల రోజంతా నడిచినా అతని చెయ్యి వణికేది కాదు. బెల్‌ని చూసి రైఫిల్ కొన్నవాళ్లు ఆ రంపం సంగతి మరిచిపోయారు.

1911లో కెన్యాలో జార్జ్ గ్రే అనే ఆయన చనిపోయాడు. బ్రిటన్ విదేశాంగ మంత్రి సర్ ఎడ్వర్డ్ గ్రేకి స్వయానా తమ్ముడు. చేతిలో అప్పట్లో కొత్త ఫ్యాషన్ అయిన .280 రాస్, మహా వేగమైన చిన్న తూటా. మీదికొస్తున్న సింహానికి దగ్గర్నుంచి గుళ్లు తగిలాయి, కానీ ఆగలేదు. అంత వేగంలో పల్చటి తొడుగున్న గుండు పైపైనే చితికిపోతుంది, లోపలికి దిగదు. ఆ వార్త లండన్ క్లబ్బుల్లో చిన్న గొట్టాల మోజుని బాగా దించింది.

మీడియం బోర్ ఈ రెండు భయాల మధ్య పుట్టింది. 1905లో బెర్లిన్ తుపాకీ తయారీదారు ఒట్టో బాక్ 9.3×62 తూటా తెచ్చాడు. ఆఫ్రికాలో జర్మన్ వలస రైతులు కొనుక్కోగలిగేలా, మామూలు మౌజర్ 98 రైఫిల్‌లోనే పట్టేలా చేశాడు. ఖరీదైన జోడు గొట్టాలు అక్కర్లేదు, పక్కన తుపాకీ మోసేవాళ్లు అక్కర్లేదు. నా దృష్టిలో ఈ మొత్తం కథలో అన్నిటికంటే తెలివైన పని ఇదే. 1912లో లండన్ నుంచి హాలండ్ అండ్ హాలండ్ వాళ్ల .375 మాగ్నమ్ వచ్చింది. పేరు దానికే ఎక్కువ వచ్చింది. కానీ తూటా పొడుగు కాబట్టి రైఫిల్ యంత్రం కూడా పొడుగు, దాంతో బరువు.

మన అడవులకీ ఇందులో కొంచెం చోటుంది. అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు వైపు తిరిగిన వేటగాడు, రచయిత కెన్నెత్ ఆండర్సన్ చేతిలో ఉండేది .405 వించెస్టర్, 1895 మోడల్. 1909లో థియోడర్ రూజ్‌వెల్ట్ సింహాల కోసం ఆఫ్రికాకి పట్టుకెళ్లిందీ అదే రకం. 1972 వన్యప్రాణి రక్షణ చట్టంతో మన దగ్గర షికారు కథ చాలావరకు ముగిసింది.

అమెరికాలో మొదటి నుంచీ వేటగాడు తన తుపాకీ తానే మోసుకోవాలి. కొండెక్కాలి, కొట్టిన జంతువు మాంసం కూడా తానే దించుకోవాలి. అందుకే తేలిక రైఫిల్ పిచ్చి అక్కడ ముదిరింది. 1922లో వచ్చిన .35 వీలెన్, .30-06 తూటా మెడని వెడల్పు చేసినదే. 1965లో రెమింగ్టన్ 600 మాగ్నమ్ అని 18.5 అంగుళాల గొట్టంతో పొట్టి రైఫిల్ తెచ్చి, అందులో .350 మాగ్నమ్ పెట్టింది. దుప్పి జాతి జంతువులకీ, ఎలుగులకీ చక్కటి ఆలోచన. అయినా కొన్నేళ్లకే ఆ మోడల్ ఆగిపోయింది. తన్ను, చప్పుడు రెండూ జనానికి ఎక్కువైపోయాయి. 1980ల్లో మెల్విన్ ఫోర్బ్స్ అనే తయారీదారు కెవ్లార్ అనే గట్టి పీచు, గ్రాఫైట్ కలిపిన, భుజానికి ఆనించే స్టాక్‌తో రెండు కిలోల పైచిలుకు రైఫిల్స్ చేసి చూపించాక, బరువు తగ్గించడం పెద్ద సమస్యగా మిగల్లేదు.

భౌతిక శాస్త్రం మాత్రం అలాగే ఉంది. ఒకే తూటా పేల్చినప్పుడు రైఫిల్ ఎంత తేలికైతే అంత వేగంగా వెనక్కి వస్తుంది. 4 కిలోల .375ని 3 కిలోలకి దించితే బరువు పావు వంతు తగ్గుతుంది, తన్నే శక్తి మూడో వంతు పెరుగుతుంది. నాలుగు రోజులు నడకలో సుఖపడి, ఒక్క క్షణంలో దానికి వడ్డీ కట్టాలి. కాల్పులు సాధన చేసే రేంజ్‌లో దీనికి ఒక పరీక్ష ఉంది. అసలు తూటాల మధ్య ఒక డమ్మీ తూటాని స్నేహితుడు మనకి చెప్పకుండా పెడతాడు. ట్రిగ్గర్ నొక్కితే ‘టిక్’ అంటుంది, అంతే. కానీ గొట్టం చివర తటాలున కిందికి వంగుతుంది, కళ్లు మూసుకుంటాయి. తన్నుతుందని ముందే ఒళ్లు బిగుసుకుపోవడం అది. సెలూస్ బాధ సరిగ్గా ఇదే.

పోనీ తేలికైన తూటా వేసుకుందామా అంటే, ఏనుగు, కేప్ బఫెలో వేటకి చాలా ఆఫ్రికా దేశాలు కనీస బోర్ పెట్టాయి. ఎక్కువ చోట్ల .375, జింబాబ్వేలో 9.2 మిల్లీమీటర్లు. బాక్ గారి పాత తూటా అక్కడ ఆ గీత కొంచెంలో దాటుతుంది.

తన్నుకి ఇప్పుడు దొరికిన విరుగుడు మజిల్ బ్రేక్. గొట్టం చివర బిగించే చిల్లుల ముక్క. గ్యాస్‌ని పక్కలకి తోసేసి తన్నుని బాగా తగ్గిస్తుంది. 3 కిలోల .375 కూడా భుజానికి ఓర్చుకోదగ్గదే అవుతుంది. కానీ ఆ పేలుడు చప్పుడంతా పక్కలకీ వెనక్కీ కొడుతుంది. జాడలు పట్టే మనిషి నిలబడేది సరిగ్గా అక్కడే. చాలామంది గైడ్లు బ్రేక్ ఉన్న రైఫిల్ చూస్తే మొహం చిట్లిస్తారు. వేటగాడు రైఫిల్ ఎత్తడం చూసి, దుర్భిణి కింద పెట్టి, రెండు చెవుల్లో వేళ్లు దోపుకునేది ఆ జాడలు పట్టేవాడే.