కేడీ అనే మాట వెనుక

మా నల్గొండ వైపు ఆగడం చేసే పిల్లాణ్ణి ముద్దుగానో కోపంగానో ‘కేడీగాడు’ అంటాం. అది పోలీసుల మాట. ‘నోన్ డిప్రెడేటర్’ అనే రెండు ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలు కే, డీ. దోచుకునేవాడని అందరికీ తెలిసినవాడు అని అర్థం. స్టేషన్ చిట్టాలో ఆ పేరు ఒకసారి ఎక్కిందంటే, చుట్టుపక్కల ఎక్కడ దొంగతనం జరిగినా మొదట తట్టేది ఆ ఇంటి తలుపే.

మనిషి నేరస్థుడిగా పుడతాడా, కావాలని అవుతాడా అన్న ప్రశ్నను మనం ఏదైనా ఘోరం జరిగిన రోజునే అడుగుతాం, రెండు రోజులకు మర్చిపోతాం. సామెతలు రెండు వైపులా ఉన్నాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటాం. మొక్కై వంగనిది మానై వంగునా అనీ అంటాం. మొదటిది పుట్టుక మీద నేరం మోపితే, రెండోది పెంపకం మీద మోపుతుంది. ఏ రోజు ఏది వాడాలో మన నోటికి బాగా తెలుసు.

యూరప్‌లో ఈ వాదన రెండు కొసలకూ పోయింది. 1764లో ఇటలీకి చెందిన బెకారియా, మనిషి లాభనష్టాలు బేరీజు వేసుకునే నేరం చేస్తాడు కాబట్టి శిక్ష నేరానికి తగ్గట్టు ఉండాలన్నాడు. నూరేళ్లు దాటాక అదే దేశంలో లొంబ్రోసో అనే డాక్టర్ ఒక బందిపోటు పుర్రెను పరీక్షించి, అందులో ఆదిమ జంతువుల లక్షణం కనిపించిందన్నాడు. నేరస్థుణ్ణి దవడ, చెవులు, నుదురు చూసి పోల్చవచ్చంటూ 1876లో పుస్తకం వేశాడు. ఆ కొలతలు తర్వాత నిలబడలేదు. కానీ మొహం చూసి దొంగను పట్టేస్తామనే ధీమా మాత్రం ఇంకా చాలామందికి ఉంది.

మన దేశంలో తెల్లదొరలకు చట్టం చేయడానికి పుర్రెలు అక్కర్లేకపోయాయి. వాళ్లకు కులం సరిపోయింది. బాటసారుల్ని చంపి దోచేవాళ్లన్న థగ్గుల మీద 1836లో తెచ్చిన చట్టం కింద ఫలానా హత్య చేశాడని రుజువు కాకపోయినా, థగ్గుల ముఠాలో ఉన్నాడని తేలితే చాలు, యావజ్జీవం వేయొచ్చు. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం వచ్చింది. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టే దొంగ కులంలో పుట్టినవాడు దొంగ అవుతాడన్నదే దాని వెనుక ఉన్న ఆలోచన. ఒక తెగను ‘నేరస్థ తెగ’ అని సర్కారు ప్రకటిస్తే ఆ ప్రకటనను ఏ కోర్టులోనూ ప్రశ్నించడానికి లేదు. పేరు నమోదు చేయించుకోవాలి, హాజరీ ఇవ్వాలి, పాసు లేనిదే హద్దు దాటకూడదు. దాటితే అదే నేరం. 1911లో చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించారు, వేలిముద్రలూ తీసుకున్నారు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం అలా పుట్టిన సెటిల్మెంటే, అంటే ఇలాంటి తెగలను కాపలా మధ్య ఉంచిన ఊరు.

నాకు అన్నిటికన్నా వింతగా తోచేది 1897 నాటి సవరణ. నాలుగేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి విడదీసి వేరే చోట పెట్టవచ్చని అందులో రాసుకున్నారు. బుద్ధి మారుతుందనే కదా విడదీసేది? నేరం రక్తంలోనే ఉంటే నాలుగేళ్ల పిల్లను తల్లి ఒడి నుంచి లాక్కుని ఏం లాభం? అంటే పుట్టుక సిద్ధాంతాన్ని ఆ చట్టం రాసినవాళ్లే పూర్తిగా నమ్మలేదు. జనాన్ని అదుపులో పెట్టడానికి అది పనికొచ్చింది, అంతే.

నిజాం రాజ్యం వేరు. అయినా ఆ చూపు ఇక్కడికీ పాకింది. దేవరకొండ, చందంపేట, అచ్చంపేట వైపు తండాల్లో ఉన్న లంబాడీల పూర్వీకుల బతుకు వేల ఎద్దుల మీద సాగింది. తీరం నుంచి ఉప్పు, లోపలి నుంచి ధాన్యం మోసేవాళ్లు. మొగలు సైన్యాలకూ, టిప్పు మీద యుద్ధానికి వచ్చిన కంపెనీ సైన్యానికీ తిండి గింజలు చేరవేసింది ఈ బంజారాలే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది, తర్వాత బెజవాడ లైను పడింది. ఎద్దు మోసే సరుకు బోగీలోకి ఎక్కింది. అడవులు రిజర్వు అయ్యేసరికి ఎద్దులకు మేత కూడా కరువైంది. అప్పుడు కొందరు దారి దోపిడీలకు దిగారు, నిజమే. చాలామంది కూలికి పోయారు, కౌలుకు దున్నారు. కానీ రికార్డులో పేరెక్కింది తెగ మొత్తానికి. అప్పటి పాలమూరు జిల్లా లింగాలలోనూ సెటిల్మెంట్ పెట్టి ఇలా ముద్ర పడినవాళ్లను ఉంచారు.

1952 ఆగస్టు 31న ఆ చట్టం రద్దయింది. అందుకే ఆ ముద్ర నుంచి బయటపడ్డ ‘విముక్త తెగలు’ ఆ తేదీని విముక్త దినంగా జరుపుకుంటాయి. ‘నేరస్థ తెగ’ అనే పేరు పోయింది గానీ ‘అలవాటుపడిన నేరస్థుడు’ అనే కొత్త పేరు వచ్చింది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1962లో దానికో చట్టమూ వచ్చింది. చిట్టా కాగితం మారింది, తట్టే తలుపు మారలేదు.

ఇంతలో సైన్సు తన దారిన తాను పోయింది. 1993లో నెదర్లాండ్స్‌లో ఒక కుటుంబంలోని మగవాళ్ల దుడుకుతనానికీ ఎంఏఓఏ అనే జన్యువులోని లోపానికీ సంబంధం దొరికితే పత్రికలు నేరానికి జన్యువు దొరికినట్టే రాశాయి. అయితే న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో 1972–73లో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లల్ని ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చినవాళ్లు 2002లో ఇంకో సంగతి చెప్పారు. ఆ జన్యువు మందకొడిగా ఉండి, చిన్నప్పుడు దెబ్బలూ హింసా చూసిన మగపిల్లల్లోనే పెద్దయ్యాక హింస ఎక్కువ. అదే జన్యువు ఉన్నా ఇల్లు సవ్యంగా ఉంటే తేడా పెద్దగా లేదు. తర్వాతి పరిశోధనలన్నీ దీనితో ఏకీభవించలేదు. నేనైతే దీన్ని తీర్పుగా తీసుకోను, కానీ తండా మీద వేసిన ముద్రకు ఇందులో ఆధారమేమీ లేదు.

చట్టం మటుకు మనిషి తెలిసే చేస్తాడనుకుని నడుస్తుంది. మతి స్థిమితం లేక చేసినదేమిటో తెలియనివాడి లాంటి కొందరికే మినహాయింపు. అయినా 1980లో బచ్చన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, ఉరి వేసేముందు నేరాన్నే కాదు, మనిషినీ చూడాలని, అతను మారడని రుజువు చేయాల్సింది సర్కారేనని చెప్పింది. ఆ మనిషి పెరిగిన తీరు, మానసిక స్థితి వివరాలు ముందే తెప్పించాలని 2022లో మనోజ్ కేసులో ఇంకాస్త గట్టిగా చెప్పింది.

బయట జనానికి అంత ఓపిక ఉండదు. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో ‘దిశ’ హత్యాచారం కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌లో చనిపోతే పోలీసుల మీద పూలు చల్లారు. వాళ్లలో ముగ్గురు మైనర్లని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ తర్వాత తేల్చింది. హాజీపూర్ అమ్మాయిల హత్యల కేసులో 2020 ఫిబ్రవరిలో నల్గొండ కోర్టు ఉరిశిక్ష వేసిన రోజు నేను కోర్టు ఎదుటి టీ కొట్టు దగ్గర ఉన్నా. “గసొంటోడు పుట్టుకతోనే రాక్షసుడు సార్” అన్నాడు కొట్టాయన. చచ్చిపోయిన ఆ పిల్లల్ని తలుచుకుంటే నాకూ కాదనాలనిపించలేదు.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పని కేటాయించే నిబంధనల్ని కొట్టేసింది. విముక్త తెగల్లో పుట్టడమే అలవాటుపడిన నేరస్థుడనడానికి ఆధారం కాకూడదంది. జైలు రిజిస్టర్లలో కులం గడి తీసేయమంది.

ఐదు నెలలకు, 2025 మార్చి 10న, మళ్లీ అదే టీ కొట్టు. 2018లో మిర్యాలగూడలో ఆసుపత్రి బయట, గర్భిణి అయిన భార్య కళ్ల ముందే ఒక దళిత యువకుణ్ణి నరికి చంపిన కేసులో తీర్పు వచ్చింది. నరికినవాడికి ఉరి, మరో ఆరుగురికి యావజ్జీవం. డబ్బిచ్చి చంపించాడని ఆరోపణ ఉన్న అమ్మాయి తండ్రి తీర్పు దాకా లేడు, 2020లోనే చనిపోయాడు.

“పాపం, పెద్దాయన. కన్నబిడ్డ, పరువు… మనసు ఆగలే” అన్నాడు కొట్టాయన, గ్లాసు కడుగుతూ.

“మరి నరికినోడు?”

“వాడా? వాడి పుట్టుకే అంత సార్.”