ఊరి నడిమి నుంచి ఊరి అవతలికి: పక్కా ఇళ్ళ వెనకాల పెరిగిన నడుముల కథ

మా చిన్నమ్మకి గవర్నమెంట్ ఇల్లు వచ్చి మూడేళ్ళయింది. అంతకుముందు తిరుపతి ఊర్లో కొర్లగుంటలో ఒకే గది, బాడుగిల్లు. పొద్దున్నే నడుచుకుంటా గోవిందరాజస్వామి గుడి దగ్గరికి పోయి పూలు కట్టేది, మధ్యాహ్నం మళ్ళా నడిచే వచ్చేది, వస్తా వస్తా ఆకుకూరో వంకాయలో ఏవి చవగ్గా ఉంటే అవి కొంగులో వేసుకునొచ్చేది. ఇప్పుడు సొంతిల్లు, టైల్స్, లోపలే బాత్రూమ్, నీళ్ళకి బిందె మోసే పని లేదు. కానీ ఊర్లోకి రావాలంటే రెండు ఆటోలు మారాల, రానూపోనూ చార్జీలు తీసేస్తే పూల పనిలో మిగిలేదేం లేదని ఆ పనే మానేసింది. మూడేళ్ళలో పదకొండు కిలోలు పెరిగింది, పోయిన సంక్రాంతికి షుగర్ బయటపడింది. "ఇంటికేం నాయనా, బాగుండాది, మోకాళ్ళే లేవనీడం లేదు" అనింది ఫోన్లో.

ఒక్క మనిషిని చూపించి ఇల్లే కారణం అనేస్తే తప్పవుతుంది, ఆమెకి వయసొచ్చింది, వాళ్ళ నాయనకీ షుగర్ ఉండేది. కానీ ఇల్లు మారితే ఒళ్ళు మారతుందా అన్న ప్రశ్న మాత్రం మా చిన్నమ్మతో పుట్టింది కాదు, అమెరికాలో ముప్పై ఏళ్ళ పైనుంచే దాని వెంట పడి లెక్కలు తీస్తా ఉన్నారు. తిరుపతిలో ఏం జరుగుతోందో అర్థం కావాలంటే ముందు ఆ కథ తెలియాల.

అక్కడ పేదలకి సర్కారు ఇళ్ళు కట్టడం 1937 చట్టంతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పాత మురికివాడలు కొట్టేసి పెద్ద పెద్ద టవర్లు లేపారు. సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్-ఐగో అని 33 బిల్డింగులు, ఒక్కోటి 11 అంతస్తులు, 1954లో జనం చేరారు, 1972కే పేల్చేయడం మొదలుపెట్టారు. చికాగోలో రాబర్ట్ టేలర్ హోమ్స్ అయితే 28 బిల్డింగులు, 16 అంతస్తులు, 1962కి పూర్తయింది, ఉండేది దాదాపు అందరూ నల్లజాతి పేద కుటుంబాలే. మెయింటెనెన్సుకి డబ్బులు ఆపేశారు, లిఫ్టులు చెడిపోయేవి, మెట్ల మీద చీకటి, కింద తుపాకుల భయం. పిల్లల్ని ఆడుకోవడానికి దించాలంటే తల్లులు వణికిపోయేవాళ్ళు. చుట్టుపక్కల అంగళ్ళలో చిప్స్, కూల్‌డ్రింకులు దొరికేవి, మంచి కూరగాయలు కావాలంటే బస్సెక్కాల. భయంతో నాలుగు గోడల మధ్యే బతికితే, చేతికందేది తింటే, ఒళ్ళు రాకుండా ఎట్లుంటుంది?

1992లో హోప్ సిక్స్ అని ఒక ప్రోగ్రామ్ తెచ్చారు. పాడైపోయిన టవర్లు కూల్చేసి ఆ జాగాలో రెండు మూడంతస్తుల ఇళ్ళు కట్టి, పేదలూ మధ్యతరగతీ కలిసి ఉండేట్టు చేయాలన్నది ప్లాను. చూడటానికి చాలా బాగా కట్టారు, అది ఒప్పుకోవాల. కానీ పాతవాళ్ళలో చాలామంది తిరిగి ఆ జాగాకి రాలేకపోయారు, బాడుగలో కొంత సర్కారే కట్టే వోచర్ చేతిలో పెట్టుకుని వేరేచోట బాడుగకి పోయారు. ఐదు ఊర్లలో అట్లాంటి కుటుంబాల్ని 2001 నుంచి కొన్నేళ్ళు వెంబడించి చూస్తే, కొత్తచోట భయం బాగా తగ్గింది, ఆరోగ్యం మాత్రం బాగుపడలేదు, చాలామంది అప్పటికే బీపీ, షుగర్, ఆస్తమాతో బాగా దెబ్బతినిపోయి ఉన్నారు.

దీనికి పక్కనే ఇంకోటి జరిగింది, నాకు అసలు ముఖ్యం అనిపించేది అదే. 1994లో మూవింగ్ టు ఆపర్చునిటీ అని బాల్టిమోర్, బోస్టన్, చికాగో, లాస్ ఏంజెలెస్, న్యూయార్క్‌లో లాటరీ తీశారు. సర్కారు ఇళ్ళలో ఉండే తల్లులకి, పేదరికం పది శాతం లోపే ఉండే ఏరియాకి పోతేనే చెల్లే వోచర్ ఇచ్చారు. లాటరీ కాబట్టి వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ మొదట్లో పెద్ద తేడా లేదు, అందుకే పోలిక గట్టిది. పది పదిహేనేళ్ళ తర్వాత సుమారు 4,500 మంది ఆడవాళ్ళ లెక్కలు చూసి 2011లో పరిశోధన పేపర్ వేశారు. వోచర్ వచ్చినవాళ్ళలో బీఎంఐ (ఎత్తుకి బరువు ఎంతుందో చూసే లెక్క) 35 దాటినవాళ్ళు వందకి నలుగురైదుగురు తక్కువ, 40 దాటినవాళ్ళు వందకి ముగ్గురికి పైగా తక్కువ, షుగర్ కూడా వందకి నలుగురికి పైగా తక్కువ. మామూలు లావులో పెద్ద తేడా రాలేదు, బాగా ప్రమాదకరమైన లావు తగ్గింది. గమనించండి, వాళ్ళ సంపాదన పెద్దగా పెరగలేదు, డైట్ క్లాసులు చెప్పలేదు, జిమ్ పెట్టలేదు, వోచర్ వచ్చినవాళ్ళలో కూడా సగం మందే దాన్ని వాడుకుని మారారు. అయినా తేడా కనిపించింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం.

రాష్ట్ర హౌసింగ్ కార్పొరేషన్ 1979లో పుట్టింది, 1983లో ఎన్టీఆర్ వచ్చాక గుడిసెల బదులు పక్కా ఇళ్ళు అనేది పెద్ద మాట అయింది. అదే ఏడాది కిలో రెండు రూపాయల బియ్యం. ఈ రెండూ కలిసి మన పేదోళ్ళ బతుకు మార్చాయి, ఆ మేలు చిన్నది కాదు. మా అవ్వ చెప్పేది, వాళ్ళ చిన్నప్పుడు వరన్నం అంటే పండగకే, మిగతా రోజులన్నీ రాగి సంగటి, ఊరిబిండి, ఉడకేసిన ఉలవలు, అలసందలు. ఆకలి తీరింది, నిజమే, కానీ రెండు మూడు పూటలా తెల్లన్నమే అయింది, రేషన్లో పామాయిల్ కూడా వచ్చింది. 2011లో మన పాత చిత్తూరు జిల్లా మనిషే కిరణ్ కుమార్ రెడ్డి సీఎంగా ఉండగా బియ్యం రూపాయికి దిగింది. అన్నం తిని కయ్యిలో వంగి పనిచేసేటప్పుడు అది అరిగిపోయింది, కూర్చున్నచోటే రోజు గడిచేటప్పుడు అరగలేదు.

ఇళ్ళ స్కీములు పేర్లు మారతా వచ్చాయి. 2001లో వాంబే (వాల్మీకి అంబేద్కర్ ఆవాస్ యోజన), 2005లో నగరాల బాగుకి కేంద్రం తెచ్చిన జేఎన్ఎన్‌యూఆర్ఎం, అందులో తిరుపతి కూడా ఉంది, 2006లో ఇందిరమ్మ ఇళ్ళు, 2015లో ప్రధానమంత్రి ఆవాస్ యోజన, దాని కింద టిడ్కో (టౌన్లలో ఇళ్ళు కట్టే రాష్ట్ర సంస్థ) జీ ప్లస్ త్రీ బ్లాకులు, అంటే కింద ఇల్లు కాక పైన మూడంతస్తులు, 300, 365, 430 చదరపుటడుగుల సైజుల్లో. 2020 డిసెంబర్‌లో రాష్ట్రమంతా 30 లక్షల పట్టాలు, టౌన్లలో ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర. మన పక్కన శ్రీకాళహస్తి దగ్గర ఊరందూరులో డిసెంబర్ 28న పంచారు. ఒక సెంటు అంటే 48 గజాల చిల్లర.

పార్టీలు మారినా, జెండాలు మారినా ఒకటి మారలేదు, ఇల్లు ఎప్పుడూ ఊరి అవతలే. దానికి కారణం తిరుపతి భూమి ధరే. దేవుడి ఊరు, లాడ్జీలు, హోటళ్ళు, పెళ్ళి మండపాలు, అంకణం (ఇక్కడ జాగా కొలిచే లెక్క) రేటు పేదోడు అడగలేనంత. ఊరి నడుమ సర్కారు భూమి దొరకదు, దొరికినా ఇంకేదానికో పోతుంది. అందుకే ఒకప్పుడు మంగళం వైపు, తర్వాత ఇంకా దూరం, రేణిగుంట దాటి ఏర్పేడు మండలం వికృతమాల దాకా పోయాయి ఇళ్ళు. తిరుమల మీద మాడవీధుల చుట్టూ ఉన్న పాత ఇళ్ళు తీసేసినప్పుడు కూడా చాలా కుటుంబాలు కొండ దిగి రావాల్సొచ్చింది, దాని గురించి విడిగా రాయాలి ఎప్పుడైనా.

అంటే అమెరికాలో లావు తగ్గించిన మార్పుకి మనం దాదాపు ఎదురు దిక్కులో పోతా ఉన్నాం. వాళ్ళు భయం ఉన్నచోటు నుంచి పేదరికం తక్కువున్న చోటికి పోయారు. మనవాళ్ళు బజారూ పనీ ఆసుపత్రీ నడకలో ఉన్నచోటు నుంచి అవేమీ లేని చోటికి పోతా ఉన్నారు. కొర్లగుంటలో మురుగు ఉండేది, దోమలుండేవి, గది ఇరుకు, అది బాగుండేదని నేను అననే అనను. కానీ అక్కడ మనిషి దినమ్మూ తెలీకుండానే మూడు నాలుగు కిలోమీటర్లు నడిచేది. కొత్త కాలనీలో నడవడానికి చోటుంది, పోవడానికి చోటు లేదు. సాయంత్రమైతే లైట్లు సరిగ్గా ఉండవు, కుక్కలు, ఆడవాళ్ళు చీకటి పడకముందే తలుపేసుకుంటారు. మూడో అంతస్తులో ఉండే పెద్దామె మోకాళ్ళ నొప్పులతో దిగడమే మానేస్తుంది. చిల్లరంగట్లో ఉల్లిగడ్డలు, ఉర్లగడ్డలు, నూడుల్స్ ప్యాకెట్లు, పది రూపాయల కూల్‌డ్రింకు ఎప్పుడూ ఉంటాయి, ఆకుకూర బండి వస్తే వచ్చినట్టు లేకపోతే లేదు. పెద్ద సైజు ఫ్లాట్ తీసుకున్నవాళ్ళకి బ్యాంకు కంతు ఒకటి, ఆ నెల డబ్బు తక్కువైతే ముందు కోతపడేది కూరగాయలకే, బియ్యానికి కాదు.

ఇదంతా ఇప్పటికే లావు పెరుగుతున్న రాష్ట్రంలో జరుగుతోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీఎంఐ 25, అంతకంటే ఎక్కువ ఉన్న ఆడవాళ్ళు దేశంలో 24 శాతం, మన రాష్ట్రంలో 36.3 శాతం. మనవాళ్ళకి ఒళ్ళు పెద్దగా కనపడకపోయినా పొట్ట చుట్టూ కొవ్వు చేరి షుగర్ తొందరగా వస్తుందని మన డాక్టర్లు 25 నుంచే ఊబకాయం కింద లెక్కేస్తారు, నడుము ఆడవాళ్ళకి 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితే జాగ్రత్త అంటారు.

నాకు బాధ ఎక్కడంటే, ఇళ్ళు ఎన్ని కట్టారు, ఎన్ని తాళాలు ఇచ్చారు అని ప్రతి గవర్నమెంటూ లెక్క చెప్తుంది, ఇల్లు మారకముందు వీళ్ళ బరువెంత, మారాక ఎంత అని అడిగేవాళ్ళే ఉండరు. అడగడానికి కొత్తగా ఏమీ కనిపెట్టక్కర్లేదు. ముప్పై దాటినవాళ్ళకి ఆశా వర్కర్ ఇంటికొచ్చి నింపే ఫారంలో నడుము కొలత గడి ముందే ఉంది. తాళం ఇచ్చే వారం ఒకసారి, ఏడాది తర్వాత ఒకసారి, మూడేళ్ళకి ఒకసారి ఆ టేపుతో కొలిచి లబ్ధిదారుల లిస్టు పక్కన రాసుకుంటే చాలు, తిరుపతిలో ఊరిబయటికి మారినవాళ్ళకీ ఊర్లోనే ఉండిపోయినవాళ్ళకీ తేడా కళ్ళముందు కనపడుతుంది. దాంతో పాటు పొద్దున ఐదున్నరకి పనికి పోయేవాళ్ళ కోసం ఒక సిటీ బస్సు, వారానికి రెండు రోజులు కాలనీలోనే సంత, వీధి లైట్లు. మా చిన్నమ్మ అయితే బస్సు ఒక్కటి వేసినా చాలు, మళ్ళా పూలు కట్టడానికి పోతానంటోంది.