మోటర్‌హోమా, కారవానా? ఘాట్ రోడ్ల జిల్లాల్లో అపోహలు – వాస్తవాలు

మన దగ్గర షూటింగు వ్యాను మొదలుకొని మంచం వేసిన ప్రతి బండినీ కారవాన్ అనేస్తారు. కాబట్టి ముందే చెప్పేస్తాం: ఇక్కడ మోటర్‌హోమ్ అంటే ఇంజనూ ఇల్లూ ఒకే బండిలో ఉన్నది. కారవాన్ అంటే ఇంజన్ లేకుండా, కారు వెనక హిచ్‌కి, అంటే ట్రైలరు తగిలించే బంతికి, తగిలించి లాక్కెళ్ళేది.

కొనడానికి వచ్చేవాళ్ళు ముందు అడిగేది మంచాలెన్ని, బాత్రూం ఉందా, ఏసీ ఎంత అని. బాడీ కట్టేవాళ్ళు ముందు చూసేది బరువు, ఆ తర్వాత ఘాట్. తిరుపతి నుంచి మదనపల్లె వైపు పోతే భాకరాపేట ఘాట్, చిత్తూరు నుంచి పలమనేరు వైపు పోతే మొగిలి ఘాట్, మదనపల్లె దాటితే హార్స్‌లీ హిల్స్, నెత్తిమీద తిరుమల. బరువు, ఘాట్ రెండూ వదిలేసి సోఫా రంగు చూసి కొన్న బండి రెండో ఏడాదికే అమ్మకానికి వస్తుంది.

అపోహ: మోటర్‌హోమ్ ఉంటే ఇంటి నుంచి నేరుగా తిరుమల కొండెక్కేయొచ్చు.

వాస్తవం: ఎక్కడం ఒక లెక్క, దిగడం ఇంకో లెక్క. ఎక్కేది రెండో ఘాట్‌లో, దిగేది 1944లో తెరిచిన మొదటి ఘాట్‌లో. దాదాపు 19 కిలోమీటర్ల దిగుడు, మధ్యలో కొక్కేల్లాంటి మలుపులు. పొడవాటి వ్యానుకి వెనక చక్రాల తర్వాత మీటరున్నర బాడీ వేలాడుతుంటే, మలుపులో ముందు భాగం లోపలికి తిరిగేకొద్దీ ఆ తోక బయటివైపు గోడ మీదికి వెళ్తుంది. డ్రైవరు చూపంతా ముందు ఉంటుంది, గీత పడేది వెనక.

అలిపిరిలో తనిఖీ కూడా ఉంటుంది. మామూలు కారైతే డిక్కీ చూసి వదులుతారు. మోటర్‌హోమ్‌లో ఉన్న ప్రతి అరా, ప్రతి సొరుగూ తెరవాల్సి వస్తుంది. కొండ మీద మద్యం, మాంసం, పొగాకు నిషిద్ధం. ఫ్రిజ్‌లో నిన్నటి చికెన్ కూర ఉందన్న సంగతి అక్కడ గుర్తొస్తే లాభం లేదు.

మా సలహా ఒక్కటే. పెద్ద బండి కిందే పెట్టండి, అలిపిరి దగ్గర బాలాజీ లింక్ బస్టాండులో ఆర్టీసీ బస్సెక్కండి. ఇక్కడ కారవాన్‌దే పైచేయి: దాన్ని కింద విప్పేసి, కారులో దర్జాగా పైకి పోవచ్చు. తలకోన, హార్స్‌లీ హిల్స్ విషయంలోనూ అంతే. ఒకచోట రెండుమూడు రాత్రులుండి చుట్టుపక్కల తిరిగేవాళ్ళకి కారవాన్ నప్పుతుంది. ఈ రోజు కాణిపాకం, రేపు శ్రీకాళహస్తి, ఎల్లుండి నేలపట్టు పక్షుల దగ్గర అని రోజుకో ఊరు మారేవాళ్ళకి మోటర్‌హోమ్. రోజూ తగిలించి, విప్పి, మట్టం చూసి, బండిని ఆనించే కాళ్ళు దించే పని మూడో రోజుకే విసుగు తెప్పిస్తుంది.

అపోహ: మాది పెద్ద ఎస్‌యూవీ, ఏ కారవాన్‌నైనా లాగుతుంది.

వాస్తవం: లాగడం సమస్య కాదు, ఆపడం సమస్య. మన దేశంలో అమ్మే చాలా కార్లకి కంపెనీ ఎంత బరువు లాగొచ్చో చెప్పదు. కొన్నిటికి లాగొద్దనే ఉంటుంది. ఓనర్స్ మాన్యువల్‌లో టోయింగ్ అన్న పేజీ చదవకుండా హిచ్ వెల్డింగ్ చేయిస్తే వారంటీ పోతుంది, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు వాళ్ళు ముందు పట్టుకునేది అదే. వెనక ఎమర్జెన్సీ కొక్కెం ఉంది కదా అంటారు కొందరు. అది చెడిపోయిన బండిని నెమ్మదిగా లాగడానికి ఇచ్చింది.

కంపెనీ చెప్పిన పరిమితి ఉన్నా, కొత్తవాళ్ళు సామానుతో సహా కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటనివ్వకూడదు. కారు 1,700 కిలోలైతే కారవాన్ 1,445 కిలోలలోపు. కంపెనీ అంకె ఇంతకంటే తక్కువైతే అదే హద్దు. కారవాన్ చవకని కొని, దాన్ని లాగడానికి కారు మార్చినవాళ్ళ ఖర్చు మోటర్‌హోమ్ దగ్గరికే వెళ్తుంది.

బరువు ఎక్కడ పెట్టారన్నది ఇంకా ముఖ్యం. హిచ్ బంతి మీద కారవాన్ మొత్తం బరువులో 5 నుంచి 7 శాతం పడాలి. వెయ్యి కిలోల కారవాన్‌కి 50 నుంచి 70 కిలోలు. కొలవడం తేలిక: ఒళ్ళు తూచుకునే మిషన్ నేల మీద పెట్టండి, దాని మీద హిచ్ ఎత్తుకి సరిపడా చెక్క దుంగ నిలబెట్టండి, ముందున్న చిన్న చక్రాన్ని పైకి లేపుతూ కప్లింగ్ (బంతి మీద కూర్చునే కారవాన్ ముందు భాగం) భారం చెక్క మీద పడనివ్వండి. కారవాన్ మట్టంగా ఉండాలి, చక్రాలకి అడ్డం పెట్టి ఉండాలి.

ఆ బరువు తక్కువైతే తోక ఊగుతుంది. నీళ్ళ క్యాన్లు, జనరేటరు వెనక డిక్కీలో సర్దితే జరిగేది అదే. రేణిగుంట–నాయుడుపేట రోడ్డు మీద పక్కనుంచి కంటైనర్ లారీ దూసుకుపోయినప్పుడు గాలి తోపుకి ఊగుడు మొదలవుతుంది. అప్పుడు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగుతో సర్దకూడదు, వేగం పెంచితే సర్దుకుంటుందన్న మాట నమ్మకూడదు. యాక్సిలరేటర్ మీంచి కాలు తీసి, స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే వేగం తగ్గేకొద్దీ అదే ఆగుతుంది. బరువైనవన్నీ ఇరుసు మీదికి, నేలకి దగ్గరగా సర్దుకుంటే అసలు మొదలే కాదు.

అపోహ: కారవాన్‌కి సొంత బ్రేకు ఉంటుంది కాబట్టి ఘాట్ దిగడం భయం లేదు.

వాస్తవం: 750 కిలోలలోపు ట్రైలర్లకి చాలావాటికి బ్రేకే ఉండదు. అంతకంటే పెద్దవాటికి ఉండేది ఓవర్‌రన్ బ్రేకు. కారు నెమ్మదించినప్పుడు వెనకున్న కారవాన్ ముందుకి తోస్తుంది, ఆ తోపుకి కప్లింగ్‌లోని షాఫ్టు లోపలికి జరిగి, రాడ్డునీ కేబుల్‌నీ లాగి, డ్రమ్ములో షూలు పట్టేలా చేస్తుంది. చదును రోడ్డు మీద చక్కటి ఏర్పాటు.

మొగిలి ఘాట్ దిగుతున్నప్పుడు చూడండి. మీరు సెకండ్ గేరులో ఇంజన్ మీద పట్టి దించుతున్నారు, కారు బ్రేకు చల్లగానే ఉంది. కారవాన్ మాత్రం దారి పొడుగునా ముందుకి తోస్తూనే ఉంటుంది. అంటే దాని షూలు డ్రమ్ముని వదలకుండా రాసుకుంటూనే ఉన్నాయి. కారులో ఉన్నవాళ్ళకి తెలియదు. కిటికీలోంచి లైనింగ్ కాలిన వాసన వచ్చేసరికి డ్రమ్ము ముట్టుకోలేనంత వేడెక్కి ఉంటుంది.

వెడల్పున్న చోట చూసి మధ్యలో ఒకసారి ఆగండి. అరచేయి తిరగేసి, తాకకుండా, హబ్ దగ్గర పెట్టి వేడి చూడండి. రెండు చక్రాల వేడిలో బాగా తేడా ఉంటే ఒక పక్క షూ అడ్జస్ట్‌మెంటు తప్పిందన్నమాట. ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. నీళ్ళు పోయకండి, డ్రమ్ము వంకర పోతుంది, పగలొచ్చు కూడా. వేడి మీద హ్యాండ్ బ్రేకు వేసి వదిలేయకండి, చక్రాలకి చెక్కలు అడ్డం పెట్టండి.

మోటర్‌హోమ్‌ది వేరే జబ్బు. మూడు టన్నులకి పైబడ్డ బండిని కాలి బ్రేకు మీదే దించితే ఆయిల్ మరుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి దిగిపోతుంది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది, తేమ చేరేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్ళకోసారి డాట్ 4 మార్పించండి. డీజిలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో దించేవాళ్ళకి చెప్పేదేమీ లేదు.

అపోహ: ఆరు మంచాలున్నాయి కాబట్టి ఆరుగురు హాయిగా పోవచ్చు.

వాస్తవం: 3,500 కిలోల జీవీడబ్ల్యూ (మనుషులు, సామానుతో సహా బండి ఉండదగిన గరిష్ఠ బరువు) ఉన్న వ్యాన్ అనుకుందాం. ఖాళీ వ్యాను 2,300. లోపలి పనికి, అంటే మంచాలు, అరలు, ఏసీ, బ్యాటరీ, ట్యాంకులకి 700. మిగిలింది 500. ఆరుగురు మనుషులు సగటున 65 కిలోల చొప్పున 390. వంద లీటర్ల నీళ్ళు వంద కిలోలు. ఇక మిగిలింది పది కిలోలు. బట్టలు, గ్యాస్, వంటసామాను, అత్తమ్మ కట్టిచ్చిన పచ్చళ్ళు ఎక్కడ పెడతారు?

ఈ బరువు ఎక్కువగా చెక్కలోనే దాగి ఉంటుంది. ఇంట్లో కబోర్డులకి వాడే 18 ఎంఎం ప్లైవుడ్ ఎనిమిది బై నాలుగు షీటు ఒక్కటే 30 కిలోలు దాటుతుంది. పది షీట్లు కొడితే 300 కిలోలు. అల్యూమినియం సెక్షన్ ఫ్రేముకి పలచటి షీటు బిగిస్తే అందులో సగం మిగులుతుంది. ఇంటి కార్పెంటరు చేత పని చేయించొద్దనేది అందుకే. ఆయన పనితనం గొప్పదే, కానీ ఆయన కట్టేది కదిలే వస్తువు కాదు.

బండి తీసుకునే రోజు నీళ్ళు నింపి, డీజిలు కొట్టించి వే బ్రిడ్జి కాటా మీదికి ఎక్కించండి. ముందు ఇరుసు వేరుగా, వెనక ఇరుసు వేరుగా, మొత్తం వేరుగా తూకం చీటీలు తీసుకోండి. మొత్తం సరిపోయినా వెనక ఇరుసు మీద హద్దు దాటిన బండ్లు చాలా ఉంటాయి. కమాన్ పట్టీలు అదనంగా వేయిస్తే బండి పైకి లేస్తుంది తప్ప దాని జీవీడబ్ల్యూ పెరగదు.

అపోహ: పాత వ్యాను కొని మంచాలు కొట్టిస్తే చాలు, మోటర్‌హోమ్ అయిపోతుంది.

వాస్తవం: మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. మోటర్ కారవాన్లకి, అంటే మనం మోటర్‌హోమ్ అంటున్నవాటికి, ఏఐఎస్ 124 అనే ప్రమాణం విడిగా ఉంది. దాని ప్రకారం కట్టిన బండి తీసుకోండి, లేదా పని మొదలుపెట్టకముందే ఆర్టీవో ఆఫీసులో అనుమతి తెచ్చుకోండి. పని పూర్తయ్యాక వెళ్తే విప్పించాల్సి రావచ్చు. వెనక లాగే కారవాన్‌కీ సొంత రిజిస్ట్రేషన్ ఉండాలి, కదులుతున్నప్పుడు అందులో మనుషులు కూర్చోకూడదు. పిల్లలు పడుకుంటామని మారాం చేసినా సరే. తెల్ల బోర్డు బండిని అద్దెకి తిప్పడం నేరమని వేరే చెప్పక్కర్లేదు.

అపోహ: మోటర్‌హోమ్‌కి హెవీ లైసెన్సు కావాలి.

వాస్తవం: 7,500 కిలోలలోపు బండికి ఎల్‌ఎంవీ లైసెన్సు చాలు. ఆ హద్దులోని రవాణా వాహనాలకూ అదే సరిపోతుందని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

అపోహ: పైన సోలార్ ఉంటే రాత్రంతా ఏసీ వేసుకోవచ్చు.

వాస్తవం: మే నెలలో తిరుపతి ఎండకి కాగిన రేకు బాడీలో టన్ను ఏసీ ఆగకుండా నడుస్తుంది. గంటకి దాదాపు ఒక యూనిట్ అనుకోండి. 12.8 వోల్టుల 200 ఏహెచ్ లిథియం బ్యాటరీలో ఉండేది 2,560 వాట్ అవర్లు, ఇన్వర్టరు నష్టం పోగా 2,300. అంటే రెండు గంటల పైచిలుకు. రాత్రి పదికి వేస్తే పన్నెండున్నరకి అందరూ లేచి కూర్చుంటారు. 400 వాట్ల ప్యానెళ్ళు మంచి ఎండలో రోజంతా ఇచ్చేది ఒకటిన్నర, రెండు యూనిట్లు. అదీ బండిని ఎండలో నిలిపితేనే, కానీ ఎండలో నిలిపితే లోపల ఇంకా కాగుతుంది.

కాబట్టి ఏసీ కావాలంటే రాత్రికి కరెంటు ప్లగ్గున్న చోటు చూసుకోవాల్సిందే. లాడ్జిలో 16 ఆంపియర్ల సాకెట్ అడగండి, ఎర్తింగ్ ఉందో లేదో సాకెట్ టెస్టరు పెట్టి చూశాకే తగిలించండి. బండిలో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్చి) తప్పనిసరి. కేబుల్ 2.5 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు, డ్రమ్ముకి చుట్టి ఉన్నదాన్ని పూర్తిగా విప్పి పరచాలి. చుట్టలో ఉంచి ఏసీ నడిపితే లోపలి చుట్లు వేడెక్కి పైతొడుగు కరుగుతుంది.

బయటి దేశాల నుంచి వచ్చిన పాత కారవాన్లలో గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ ఉంటుంది. 35 డిగ్రీలు దాటితే దానికి చేతకాదు, బండి వాలుగా ఉన్నా పనిచేయదు. మన ఎండలకి 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ ఒక్కటే దారి.

అపోహ: వంటింట్లో వాడే సిలిండరే బండిలోనూ పెట్టుకోవచ్చు.

వాస్తవం: వద్దు. 5 కిలోల సిలిండరు చాలు. దాన్ని బయటి నుంచి తలుపు తీసే విడి అరలో, నిలువుగా, పట్టీ బిగించి పెట్టాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, లీకైతే నేల మీద పరుచుకుంటుంది. కాబట్టి ఆ అర అడుగున రంధ్రం ఉండాలి, లీకు అలారం పైకప్పుకి కాదు, నేలకి దగ్గరగా ఉండాలి. బండి కదిలే ముందు గ్యాస్‌ని సిలిండరు దగ్గరే ఆపేయాలి.

అపోహ: కారవాన్ రివర్సు చేయడం మనవల్ల కాదు.

వాస్తవం: మామిడి సీజన్లో దామలచెరువు మండీకి పోయి చూడండి. తోతాపురి నింపిన ట్రాక్టరు ట్రాలీని సందులో వెనక్కి పెట్టే కుర్రాళ్ళు దీన్ని ఎక్కడా చదువుకోలేదు. స్టీరింగ్ అడుగు భాగంలో చేయి పెట్టండి, ట్రైలరు తోక ఎటు పోవాలో చేతిని అటే జరపండి. నత్తనడకన, కొంచెం కొంచెం. కారు, ట్రైలరు మడత పడుతున్నాయనిపిస్తే ఆగి ముందుకి లాగి మళ్ళీ మొదలుపెట్టండి. ఖాళీ స్థలంలో రెండు పూటలు చాలు.

అపోహ: ఎక్కడ చీకటి పడితే అక్కడ ఆపుకొని పడుకోవచ్చు.

వాస్తవం: కైగల్ జలపాతం చుట్టుపక్కల, పలమనేరు–కుప్పం మధ్య అడవి అంచున రాత్రి ఆపకండి. కౌండిన్య అభయారణ్యం ఏనుగులు పొలాల మీదికి వచ్చే దారులవి. తలకోన వైపు అడవిలో అటవీశాఖ అనుమతి ఉన్న చోటే ఉండాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఎండిన ఏరు, స్వర్ణముఖి ఇసుక, చెరువు కట్ట కింది జాగా, ఏదీ నమ్మొద్దు. ఎగువన వాన పడితే ఇక్కడ చినుకు లేకుండానే నీళ్ళొస్తాయి. హైవే పక్కన ఆపి నిద్రపోవడం అన్నిటికంటే ప్రమాదం. గుడి సత్రం ఆవరణో, లాడ్జి పార్కింగో మాట్లాడుకోండి. టాయిలెట్ క్యాసెట్ (టాయిలెట్ కింద ఉండే, బయటికి తీసే మురుగు డబ్బా) ఖాళీ చేయడానికీ అదే చోటు. ఇరవై లీటర్ల క్యాసెట్ ఇద్దరికి రెండుమూడు రోజులొస్తుంది. అందులో బ్లీచింగూ ఫినాయిలూ పోస్తే రబ్బరు సీలు పాడై కారుతుంది.

అపోహ: వాడకుండా షెడ్డులో పెట్టిన బండికి ఏమీ కాదు.

వాస్తవం: సెకండ్ హ్యాండ్‌లో తక్కువ తిరిగిందని చూపించే కారవాన్ దగ్గర ముందు టైరు అంచు చదవండి. డాట్ (DOT) అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 1419 అంటే 2019లో పద్నాలుగో వారం. అరుగుదల లేకపోయినా ఆరేళ్ళు దాటిన టైర్లు మార్చాల్సిందే, ఒకే చోట బరువు మోస్తూ నిలబడ్డ టైరు లోపల పగులుతుంది. మార్చాక యాభై కిలోమీటర్లకి వీల్ నట్లు మళ్ళీ బిగించండి.

తర్వాత లోపలి మూలలు, కిటికీల కింద, రూఫ్ వెంట్ చుట్టూ బొటనవేలితో నొక్కండి. మెత్తగా దిగితే వాన నీళ్ళు చేరి చెక్క కుళ్ళింది. బయట సిలికాన్ పూసి కప్పేసి ఉంటారు, దాన్ని గీకి బ్యూటైల్ టేపు వేసి మళ్ళీ బిగించాలి. మోటర్‌హోమ్ అయితే బానెట్ ఎత్తి వైరింగ్ చూడండి. నాలుగు నెలలు నిలిచిన బండిలో ఎలుకలు కాపురం పెట్టకపోతే ఆశ్చర్యం. కొరికిన తీగలకి ముక్కలు అతికించి వదిలేస్తే సరిపోదు, హార్నెస్ (తీగల కట్ట) మొత్తం మార్పించే ఖర్చు బేరంలో తగ్గించుకోండి.